ప్రపంచమంతా రోడ్డెక్కినా ఇరాక్ యుద్ధం ఆగలేదు. సైన్యానికి ఎదురు నిలబడి జనం గెలిచిన సందర్భాలు ఉన్నాయా?

మొగలిరేకు (చర్చ మొదలుపెట్టినవారు)

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వక్తృత్వ పోటీకి "శాంతి ఉద్యమాలు" అనే అంశం తీసుకుంది. నాకు తెలిసిన కథ ఒకటి చెప్పాను. 2003 ఫిబ్రవరి 15, అప్పుడు నేను డిగ్రీలో ఉన్నాను. ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ ఒక్కరోజే దాదాపు 600 నగరాల్లో జనం రోడ్డెక్కారు. రోమ్‌లో 30 లక్షల మంది వచ్చారని గిన్నిస్ రికార్డుల్లో కూడా ఎక్కింది. హాస్టల్ టీవీ ముందు కూర్చుని, ఇంతమంది వద్దంటుంటే ఇక యుద్ధం ఎలా చేస్తారులే అనుకున్నాను. నిజంగానే నమ్మాను. ముప్పై మూడు రోజులకి, మార్చి 20న, బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి.

అంతా విని పిల్ల ఒకటే అడిగింది: "మరి ఎంతమంది వస్తే ఆగుతుంది నాన్నా?"

జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు చెప్పండి. ఓదార్పు మాటలు వద్దు, జరిగినవి కావాలి.

తూర్పుగాలి

పిల్లతో అబద్ధం చెప్పకండి. ఎంతమంది వచ్చినా ఆగదు. 1970 మే 4న అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో వియత్నాం యుద్ధం వద్దన్న విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ 13 సెకన్లలో 67 తూటాలు కాల్చింది. నలుగురు పిల్లలు చచ్చిపోయారు. యుద్ధం ఇంకో ఐదేళ్లు సాగింది. తుపాకీ చేతిలో ఉన్నవాడికి అట్టముక్క పట్టుకున్నవాడు ఒక లెక్కా?

పచ్చికబయలు

తూర్పుగాలి గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒక్క ఊరేగింపుతోనే లెక్క తేల్చేస్తున్నారు. ఊరేగింపు అయిపోయాక సాయంత్రానికి అందరూ ఇళ్లకు పోతారని సైన్యానికి తెలుసు. ఇంటికి పోని వాళ్ల కథ చెబుతాను.

దక్షిణ ఫ్రాన్స్‌లో లార్జాక్ అని ఒక పీఠభూమి ఉంది. రాళ్లు, గడ్డి, గొర్రెలు. రోక్‌ఫోర్ జున్నుకి కావలసిన పాలు ఇచ్చేది ఆ గొర్రెలే. అక్కడ అప్పటికే ఒక సైనిక శిబిరం ఉంది. 1971 అక్టోబర్‌లో రక్షణమంత్రి మిషెల్ దబ్రే ఆ శిబిరాన్ని 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతామని ప్రకటించాడు. అంటే ఆ గొర్రెల కాపరులు లేచి పోవాల్సిందే. వాళ్లేమీ విప్లవకారులు కారు. చర్చికి వెళ్లేవాళ్లు, సైన్యం అంటే గౌరవం ఉన్నవాళ్లు. 1972 మార్చిలో 103 మంది రైతులు ఒక కాగితం మీద సంతకం పెట్టారు: భూమి అమ్మం, వదలం. గాంధీగారి దగ్గర శిష్యరికం చేసిన లాంజా దెల్ వాస్తో అనే ఆయన అక్కడికే వచ్చి పదిహేను రోజులు నిరాహార దీక్ష చేశాడు. ఆ దీక్షలో రైతులూ వంతులవారీగా కూర్చున్నారు. అహింస అనే పద్ధతి వాళ్లకు అబ్బింది అక్కడే.

ఆ తర్వాత పదేళ్లు వాళ్లు చేసిన పనులు చూడండి. 1972 అక్టోబర్‌లో 60 గొర్రెల్ని పారిస్ తోలుకుపోయి ఐఫిల్ టవర్ కింద మేపారు. ట్రాక్టర్ల మీద రాజధానికి బయలుదేరారు. పన్నులో 3 శాతం కట్టకుండా ఆపి, ఆ డబ్బు ఉద్యమానికి ఇమ్మని దేశమంతా అడిగారు. ఆ సొమ్ముతో సైన్యానికి కావలసిన స్థలంలోనే, అనుమతి లేకుండా, రాతితో పెద్ద గొర్రెల దొడ్డి కట్టేశారు. సైన్యం కొనాలనుకున్న భూముల్ని చిన్నచిన్న వాటాలుగా చేసి వేలమందికి అమ్మారు. ఒక ముక్క తీసుకోవాలంటే ఇప్పుడు దేశం నలుమూలలా ఉన్న వాటాదార్లందరికీ నోటీసులు పంపుకోవాలి. ఈ ఎత్తు నాకు అన్నిటికన్నా నచ్చింది.

1978లో రైతులు పారిస్ దాకా 700 కిలోమీటర్ల పైగా నడిచారు. 1981 జూన్‌లో, మితెరాఁ అధ్యక్షుడైన కొద్ది వారాలకే, విస్తరణ రద్దయింది. ఈలోగా సైన్యం కొనేసిన 6,000 హెక్టార్ల పైచిలుకు భూమి కూడా రైతుల ఉమ్మడి సంస్థకు దీర్ఘకాలిక కౌలుకి వచ్చింది. గొర్రెలు ఇప్పటికీ అక్కడే మేస్తున్నాయి.

తూర్పుగాలి

మితెరాఁ గెలవకపోతే? అది ఎన్నికల అదృష్టం. పైగా అది ఫ్రాన్స్. మన దగ్గర అయితే మొదటి వారంలోనే లాఠీలు దిగేవి.

పచ్చికబయలు

ఆయన గెలిచేనాటికి రద్దు చేయడానికి అక్కడ ఇంకా ఏదో మిగిలి ఉండాలి కదండీ. పదేళ్లు నిలబడకపోయి ఉంటే 1981 నాటికి రైతులు ఉండేవాళ్లు కాదు, రద్దు చేయడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక మన దగ్గర అంటారా, లాఠీలు దిగాయి, నిజమే. అయినా ఒడిశాలో బలియాపాల్ చూడండి. 1980లలో అక్కడ క్షిపణి పరీక్షా కేంద్రం పెడతామన్నారు. తమలపాకు తోటలతో, వరితో కళకళలాడే తీరం. జనం ఊళ్లోకి వచ్చే దారులకు అడ్డంగా కంచెలు కట్టి కాపలా కాశారు. ప్రభుత్వ వాహనం కనబడితే శంఖాలు ఊదేవాళ్లు, పళ్లేలు మోగించేవాళ్లు. క్షణాల్లో ఊరంతా దారికి అడ్డం పడేది. ఆ కేంద్రం అక్కడ రాలేదు.

జార్ఖండ్‌లో నేతర్‌హాట్ ఇంకా పెద్దది. సైన్యం ఫిరంగి సాధన కోసం నోటిఫై చేసిన ప్రాంతంలో 245 గ్రామాలు ఉన్నాయి. కాల్పుల రోజుల్లో ఆదివాసులు పిల్లాజెల్లలతో, పశువులతో ఊరు ఖాళీ చేసి పోవాలి. 1994 మార్చి 22, 23 తేదీల్లో వేలమంది రోడ్డు మీద కూర్చుంటే సైనిక వాహనాలు వెనక్కి మళ్లాయి. ఆ తర్వాత అక్కడ ఫిరంగి మోగలేదు. కానీ కాగితం మీద నోటిఫికేషన్ బతికే ఉంది. అది పోవాలని ప్రతి ఏటా అవే రెండు రోజులు జనం అక్కడ చేరారు. 2022 మేలో గడువు ముగిసింది, ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం పొడిగించేది లేదని చెప్పింది. 28 ఏళ్లు! అడవిలో, కెమెరాలు లేనిచోట.

పాత సిపాయి

ఈ చర్చ చదవగానే మొదట కోపం వచ్చింది. పదిహేడేళ్లు యూనిఫాం వేసుకున్నాను. జనం "సైన్యం" అని ఒక్క మాటలో తీసిపారేస్తుంటే, అందులో ఉన్నది మా ఊళ్లలోంచి వచ్చిన కుర్రాళ్లేనని గుర్తుండదు. ప్రాక్టీసు లేకుండా ఫిరంగి పేల్చమంటే ఎలా? రేంజి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఈ మాట కూడా మీ అమ్మాయి ఉపన్యాసంలో ఉండాలి మొగలిరేకు గారూ.

కానీ ఒకటి చెప్పాలి. తుపాకీ చేతిలో ఉన్నవాడికి అట్టముక్క లెక్కా అన్నారు తూర్పుగాలి గారు. ఆ మాట నేను ఒప్పుకోను. తుపాకీ దానంతట అది పేలదు.

1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో ఖుదాయీ ఖిద్మత్‌గార్లు, అంటే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులు, చేతిలో కర్ర కూడా లేనివాళ్లు, కిస్సా ఖ్వానీ బజారులో నిలబడ్డారు. ఆరోజు కాల్పులు జరిగాయి, చాలామంది చచ్చిపోయారు. అయితే రాయల్ గఢ్వాల్ రైఫిల్స్‌లో ఒక దళం మాత్రం కాల్చమంటే కాల్చలేదు. వాళ్ల ముందున్నవాడు హవల్దార్ చంద్రసింగ్ గఢ్వాలీ. కోర్టు మార్షల్ చేశారు, ఆయనకు యావజ్జీవం వేశారు. పదకొండేళ్లు జైల్లో ఉన్నాడు.

1989లో బీజింగ్‌లో తియానన్మెన్ చౌక్‌లో చేరిన విద్యార్థుల్ని అణచడానికి మార్షల్ లా (సైనిక పాలన) అమలు చేయమంటే 38వ గ్రూప్ ఆర్మీ కమాండర్ షూ చిన్‌శ్యెన్ నా వల్ల కాదన్నాడు. ఆయన్నీ జైల్లో వేశారు. వేరేవాళ్లతో పని కానిచ్చారు, మిగతాది మీకు తెలిసిందే.

ఎదుట నిలబడిన మనిషి ముఖం కనబడితే ట్రిగ్గర్ మీద వేలు బరువెక్కుతుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు. ఇంతకన్నా చెప్పను.

మొగలిరేకు

సిపాయి గారూ, నమస్కారం. ఆ చివరి మాట మా అమ్మాయికి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు.

నల్లకోటు

వృత్తిరీత్యా నాకు కోర్టు కథలే గుర్తుంటాయి, కాబట్టి గ్రీనమ్ కామన్ గురించి.

1981 ఆగస్టు చివర్లో వేల్స్‌లోని కార్డిఫ్ నుంచి 36 మంది ఆడవాళ్లు, వెంట కొందరు మగవాళ్లు, పిల్లలు, ఇంగ్లండ్‌లోని గ్రీనమ్ కామన్ వైమానిక స్థావరానికి నడిచారు. అక్కడ 96 అమెరికన్ క్రూయిజ్ అణు క్షిపణులు పెట్టబోతున్నారు. రక్షణమంత్రితో చర్చ కావాలని అడిగారు. ఎవరూ పట్టించుకోలేదు. సరే అని అక్కడే కూర్చుండిపోయారు. ఎన్నాళ్లు? 2000 సంవత్సరం దాకా, 19 ఏళ్లు. 1982 డిసెంబర్ 12న 30,000 మంది ఆడవాళ్లు చేయీ చేయీ పట్టుకుని తొమ్మిది మైళ్ల కంచె చుట్టూ నిలబడ్డారు. పిల్లల బట్టలు, ఫొటోలు ఆ ముళ్లతీగకు కట్టారు. 1983 జనవరి 1 తెల్లవారుజామున 44 మంది కంచె దూకి, క్షిపణుల కోసం కడుతున్న గూళ్ల మీదికెక్కి నాట్యం చేశారు. 36 మందికి 14 రోజుల జైలు.

అయినా ఆ ఏడు నవంబర్‌లో క్షిపణులు వచ్చాయి. ఇక్కడే అసలు పని మొదలైంది. యుద్ధం వస్తే ఆ క్షిపణి లారీలు స్థావరం వదిలి పల్లెల్లోకి రహస్యంగా చెదిరిపోవాలి, శత్రువుకి ఆచూకీ దొరక్కూడదు. అందుకని రాత్రిపూట కసరత్తుగా బయటికి తీసేవాళ్లు. బయటికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు చూసేవారు, ఫోన్ల మీద ఫోన్లు వెళ్లేవి, కార్లలో వెంటపడేవారు. "రహస్యం" అన్నది లేకుండా చేశారు.

ఇక కోర్టు సంగతి. స్థావరంలోకి చొరబడటం నేరమని రక్షణశాఖ ఉపనిబంధనలు చేసింది. కానీ ఆ నేల పేరులోనే ఉన్నట్టు ఉమ్మడి బీడు. చుట్టుపక్కలవాళ్లకు అక్కడ పశువులు మేపుకునే హక్కు తరాలనాటిది. ఆ హక్కుకి అడ్డొచ్చే నిబంధన చేసే అధికారం మంత్రికి లేదని ఆ ఆడవాళ్లు వాదించారు. 1990లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, ఔనంది. ఆ నిబంధనలు చెల్లవు! అణ్వాయుధాల స్థావరం ఆవుల మేత హక్కు ముందు ఓడిపోయింది. ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఈ వృత్తి మీద మళ్లీ గౌరవం పుడుతుంది.

తూర్పుగాలి

క్షిపణులు పోయింది 1987లో రీగన్, గోర్బచేవ్ సంతకం పెట్టిన ఐఎన్ఎఫ్ (మధ్యశ్రేణి అణు క్షిపణుల) ఒప్పందం వల్ల. ఆడవాళ్ల వల్ల కాదు.

నల్లకోటు

ఒప్పందం వల్లే పోయాయి, 1991 మార్చిలో చివరివి వెళ్లాయి. కాదనను. కానీ ఆ ఎనిమిదేళ్లూ ఐరోపా జనం ఆ క్షిపణుల్ని మామూలు విషయంగా తీసుకోకుండా చేసింది ఎవరు? క్షిపణి పోయాక కూడా ఆడవాళ్లు వెళ్లిపోలేదు, కంచె పోవాలని కూర్చున్నారు. కంచె పోయింది. ఇప్పుడక్కడ ఎవరైనా నడవొచ్చు, ఆవులు మేస్తాయి.

వానచినుకు

నేను ఈ వేదికలో ఎక్కువ రాయను. కానీ అర్జెంటీనా తల్లుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

1976లో సైన్యం అధికారం లాక్కుంది. యువతీయువకుల్ని రాత్రిళ్లు ఎత్తుకుపోయేది. ఎక్కడున్నారో చెప్పేది కాదు. శవం ఉండదు, కేసు ఉండదు, మనిషి పుట్టాడన్న ఆనవాలే ఉండదు. ఆ తర్వాత ప్రజాప్రభుత్వం వేసిన కమిషన్ 8,961 మంది పేర్లు రాసింది. హక్కుల సంఘాలు 30,000 అంటాయి.

1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు అధ్యక్ష భవనం ఎదురుగా మాయో చౌక్‌కి వెళ్లారు. గుంపుగా నిలబడటం నిషేధం, కదలండి అన్నారు పోలీసులు. సరే, కదిలారు. ఇద్దరిద్దరుగా చెయ్యి పట్టుకుని చౌక్ మధ్య స్తూపం చుట్టూ నడవడం మొదలుపెట్టారు. నిషేధమే వాళ్లకు రూపం ఇచ్చింది. ప్రతి గురువారం. ఒకరినొకరు గుర్తుపట్టడానికి తలకు తెల్లగుడ్డ కట్టుకున్నారు. మొదట్లో అది పసిపిల్లలకు వాడే గుడ్డ.

ఆ డిసెంబర్‌లో వాళ్లను కూడగట్టిన అసుసేనా విల్యాఫ్లోర్‌ను ఎత్తుకుపోయారు. తమ్ముడు తప్పిపోయాడని చెప్పి ఒక నౌకాదళ అధికారి వాళ్లలో చేరాడు. వాళ్లను పట్టించింది అతనే. అతని పేరు ఆస్తిజ్. తర్వాత చాలా ఏళ్లకు యావజ్జీవం పడింది. ఆమె ఎముకలు 2005లో గుర్తించారు, అస్థికలు ఆ చౌక్‌లోనే పాతిపెట్టారు.

మిగతా తల్లులు తర్వాతి గురువారం మళ్లీ వెళ్లారు. ఆ వారం వాళ్లు ఇంట్లో ఉండిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. నేనూ తల్లినే, నేనైతే వెళ్లగలిగేదాన్నా అని ఈ నాలుగు వాక్యాలు రాస్తూ కూడా అనుకున్నాను.

తూర్పుగాలి గారూ, సైనిక పాలన పడిపోవడానికి 1982 ఫాక్లాండ్ యుద్ధంలో ఓటమి పెద్ద కారణం, మీరు అనకముందే నేనే చెబుతున్నాను. కానీ 1985లో సైనికాధ్యక్షుడు విదేలాను బోనులో నిలబెట్టి యావజ్జీవం వేశారు. పేర్లు మరిచిపోనివ్వకపోవడం వల్లే అది జరిగింది.

తూర్పుగాలి

చదివాను అమ్మా. ఏమీ అనను.

ఇసుకరేణువు

నేను అందరికన్నా చిన్నవాణ్ని, తప్పుంటే మన్నించండి. మీరంతా గెలిచినవే చెబుతున్నారు. సూడాన్ చూడండి. 2019 ఏప్రిల్ 6న ఖార్తూమ్‌లో సైనిక ప్రధాన కార్యాలయం ముందే లక్షలమంది కూర్చున్నారు. కింది స్థాయి సైనికులు కొందరు జనానికి అండగా నిలబడ్డారు. సిపాయి గారు చెప్పినట్టే. 11న అధ్యక్షుడు బషీర్ పడిపోయాడు, ముప్పై ఏళ్ల పాలన. జనం ఇంటికి పోలేదు, పౌర ప్రభుత్వం కావాలన్నారు. జూన్ 3న అదే చోట ఊచకోత జరిగింది, వందమందికి పైగా చనిపోయారు. 2021 అక్టోబర్‌లో మళ్లీ సైనిక కుట్ర, 2023 ఏప్రిల్ నుంచి ఇద్దరు సైన్యాధిపతుల మధ్య యుద్ధం. ఆ కూర్చున్న జనం చేసిన తప్పేమిటి?

మయన్మార్‌లో 2021 ఫిబ్రవరి 1 సైనిక కుట్ర తర్వాత రోజూ రాత్రి ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలు మోగించారు, దుష్టశక్తుల్ని తరమడానికి వాళ్ల పాత పద్ధతి. డాక్టర్లు ప్రభుత్వ ఆసుపత్రులు వదిలేశారు. ఆడవాళ్ల లుంగీల కింద నడిస్తే మగతనం పోతుందన్న నమ్మకం అక్కడ ఉంది. వీధికి అడ్డంగా తీగల మీద లుంగీలు ఆరేస్తే సైనికులు ఆగి, వాటిని తీసేదాకా ముందుకు రాలేదు! ఇంత తెలివి, ఇంత ధైర్యం. అయినా తలల్లోకి కాల్చారు.

పాత సిపాయి

బాబూ, వాళ్లు చేసిన తప్పేమీ లేదు. సూడాన్‌లో కింది సైనికుడు కరిగాడు, పైనున్న జనరల్ కరగలేదు. బషీర్‌ని దింపింది కూడా ఆ జనరళ్లే, తమ కుర్చీ కాపాడుకోవడానికి. సైన్యం చేతిలో వ్యాపారాలు, గనులు ఉన్నచోట పని చాలా కష్టం. వాళ్లకు బ్యారక్‌కి తిరిగి పోవడమంటే ఆస్తి పోవడమే.

నల్లకోటు

మణిపుర్ గురించి చెప్పకుండా ఈ చర్చ ముగించలేం. 2000 నవంబర్ 2న మాలోమ్‌లో బస్సు కోసం నిలబడ్డ పదిమందిని అస్సాం రైఫిల్స్ కాల్చి చంపింది. మూడు రోజులకు ఇరోమ్ షర్మిల అన్నం మానేసింది. సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం, 1958, రద్దు చేయాలన్నది ఆమె కోరిక. ఆత్మహత్యాయత్నం కేసు పెట్టి, ముక్కులో గొట్టం ద్వారా ద్రవాహారం ఎక్కించారు. 2016 ఆగస్టు దాకా, దాదాపు 16 ఏళ్లు. 2004 జులై 15న ఇంఫాల్ కంగ్లా కోట ద్వారం ముందు 12 మంది తల్లులు బట్టలు విప్పి నిలబడ్డారు. ఆ ఏడు నవంబర్‌లో అస్సాం రైఫిల్స్ ఆ కోట ఖాళీ చేసింది.

చట్టం మీద సమీక్షకు వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. 2005లో ఆ కమిటీ చట్టాన్ని రద్దు చేయమనే చెప్పింది. చట్టం ఇంకా ఉంది. 2017 ఎన్నికల్లో నిలబడితే షర్మిలకు వచ్చినవి 90 ఓట్లు. ఆ అంకె చూసినప్పుడు నాకు తల ఎత్తుకోవాలనిపించలేదు.

పాత సిపాయి

ఇక్కడ మీతో పూర్తిగా కలవలేను. పొదలచాటు నుంచి తూటా వచ్చేచోట, రక్షణ ఇచ్చే చట్టం లేకుండా కుర్రాణ్ని పంపడం నాకు ఇష్టం లేదు. అదే సమయంలో, కేంద్రం అనుమతి లేనిదే విచారణే ఉండదన్న ఆరో సెక్షన్ నిజాయితీగా పనిచేసే సిపాయికి కూడా మచ్చ తెస్తుంది. తప్పు చేసినవాడు తేలకపోతే అందరం అనుమానితులమే. 2016లో సుప్రీంకోర్టు కూడా చట్టం ఉన్నా విచారణ నుంచి తప్పించుకోలేరనే అంది. అది సరైన మాట.

పచ్చికబయలు

మొగలిరేకు గారు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. 2003లో ఏమీ ఆగలేదనుకున్నారు కదా. ఒకటి ఆగింది. ఉత్తరం వైపు నుంచి ఇరాక్‌లోకి దిగడానికి 62,000 మంది అమెరికన్ సైనికుల్ని తమ నేల మీదుగా పంపాలని తుర్కియే పార్లమెంటులో మార్చి 1న ఓటు పెట్టారు. బయట అంకారా వీధుల్లో జనం. ఔనన్నవారు 264, కాదన్నవారు 250, తటస్థులు 19. ఔనన్నవారే ఎక్కువ, కానీ హాజరైనవారిలో సగానికి పైగా కావాలి, అంటే 267. మూడు ఓట్లు తగ్గాయి. ఆ దారి మూసుకుపోయింది.

యుద్ధం ఆగలేదు, నిజమే. కానీ పదేళ్లకు, 2013 ఆగస్టులో, సిరియా మీద దాడి చేద్దామని బ్రిటన్ ప్రధాని అడిగితే సొంత పార్లమెంటు 285–272తో వద్దంది. ఆ రోజు సభలో ఇరాక్ పేరు ఎత్తనివారు తక్కువ.

ఇసుకరేణువు

అన్నా, కొరియా కూడా! 1980 మేలో గ్వాంగ్జులో మార్షల్ లాకి ఎదురు తిరిగిన ఊరిని సైన్యం తొక్కేసింది. 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు మళ్లీ మార్షల్ లా అన్నాడు. జనం నిద్ర లేచి పార్లమెంటుకి పరుగెత్తారు, సైనిక వాహనాలకి అడ్డం నిలబడ్డారు. లోపల 190 మంది సభ్యులు చేరి 190–0తో కొట్టేశారు. ఆరుగంటల్లో అయిపోయింది. వెళ్లిపోతూ జనానికి తల వంచి క్షమాపణ చెప్పిన సైనికుడి వీడియో చూశాను. 44 ఏళ్లుగా గ్వాంగ్జు సమాధుల దగ్గర ప్రతి మేలో చేరుతున్న మనుషులు లేకపోతే ఆ రాత్రి అంత త్వరగా ఎవరు లేచేవారు?

తూర్పుగాలి

నేను మొదట రాసింది తుడిచేయను, కెంట్ స్టేట్ పిల్లలు నిజంగా పోయారు కాబట్టి. కానీ ఎంతమంది వచ్చినా ఆగదు అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

మొగలిరేకు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి చర్చంతా కలిసి చదివాం. "ఎంతమంది వస్తే" అన్న ప్రశ్న మా అమ్మాయి వదిలేసింది. ఉపన్యాసం అంకారాలో తగ్గిన ఆ మూడు ఓట్లతో మొదలుపెట్టి లార్జాక్ గొర్రెల మీదికి తీసుకెళ్తానంటోంది. తల్లుల సంగతి చెబుతూ ఏడుస్తానేమో అని భయపడుతోంది. ఏడిస్తే ఏడవమన్నాను.

పాత సిపాయి

చంద్రసింగ్ గఢ్వాలీని వదిలిపెట్టనివ్వకండి. 1994లో ఆయన పేర తపాలా బిళ్ల వేశారు. బొమ్మ కావాలంటే అందులో దొరుకుతుంది.